అద్దం ఉన్నదా, లేనిదా?

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి మా విడపనకల్లులో ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. దానపత్రం వ్రాయాలన్నా అతణ్ణే పిలుస్తారు. బిడ్డకు పేరు పెట్టాలన్నా అతణ్ణే పిలుస్తారు. బోరుకు ఏ మోటారు మంచిదో చెప్పమని కూడ అతణ్ణే అడుగుతారు. ఛందస్సు తెలిసిన మనిషికి మోటారు తెలియకుండా పోతుందా అని పల్లె నమ్మకం. వారమంతా కళాశాలలో పాఠాలు చెప్పి, శనివారం సాయంత్రం నేను బస్సు దిగేసరికి ఇటువంటి సమస్యలు రెండో మూడో నాకోసం కాచుకొని ఉంటాయి.

వాటిలో నెల రోజులపాటు నన్ను నిద్ర పోనివ్వనిది ఒకటున్నది. అది కెమెరా సమస్య. కెమెరా నాది కాదు, మా అక్క కొడుకుది.

కుర్రవాడు డిగ్రీ ముగించి గుంతకల్లులో ఒక ఫోటో స్టూడియోలో రెండేండ్లు పనిచేశాడు. పని అంటే మొదటి ఏడు లైట్లు మోయడం. రెండవ ఏడు లైట్లు మోస్తూనే మధ్య మధ్య ఫోటోలు తీయడం. ఇక సొంతంగా పెండ్లిండ్లు ఒప్పుకొంటానన్నాడు. మా బావ ఆ ఏడు ఎండుమిరప అమ్మి, బాకీలు తీర్చగా మిగిలిన లక్ష రూపాయలు దగ్గర పెట్టుకొని ఉన్నాడు. ఆ లక్ష కోసం కాచుకొన్నవి రెండు: ఒకటి కెమెరా, రెండవది కొత్త బోరు. మా వైపు బోరు వేయించడమంటే ఏమిటో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఏడాదికి అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడితే మా జిల్లాకు అది మామూలు వాన. ఆ పాటి కూడ పడని ఏండ్లే మాకు బాగా గుర్తుంటాయి. మా బావ ఇప్పటికి మూడు బోర్లు వేయించి మూడింటిలోనూ దుమ్మే చూచాడు. అంచేత, "భూమిలో పోసేదాని కంటే వాని చేతిలో పోసేది మేలప్పా" అని కెమెరా వైపే మొగ్గాడు. మొగ్గాడు గాని, ఏ కెమెరా అన్నది తేల్చే భారం మాత్రం నా నెత్తిన పెట్టాడు.

మేనల్లుడు రెండు కాగితాలు తెచ్చి నా ముందు పరిచాడు. మొదటి కాగితం మీద నికాన్ డి 750. అది 2014లో విడుదలయింది. బళ్ళారిలో ఒక ఫోటోగ్రాఫరు తాను వాడుకొన్నదాన్ని రెండు లెన్సులతో కలిపి అమ్ముతానంటున్నాడు. ఉన్న లక్షలో అన్నీ వచ్చి, ఇంకా కొంత మిగులుతుంది. రెండవ కాగితం మీద అదే నికాన్ వారి జెడ్ 6, అందులో రెండవ అవతారం; 2020లో వచ్చింది. పెట్టె విప్పని సరుకు. లెన్సుతో కలిపితే లక్ష చాలదు, మరొక లక్ష దాకా కావాలి. ఆ లక్ష ఎక్కడిదంటే, మా అక్క మెడలో ఉన్న గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాలి.

"పాతది అద్దం ఉండేది మామా, కొత్తది అద్దం లేనిది. ఏది కొనల్లనో నువ్వే చెప్పల్ల" అన్నాడు వాడు.

పొయ్యి దగ్గర నుండి మా అక్క ఒక ప్రశ్న వేసింది. "అద్దం లేకుంటే బొమ్మ ఎట్ల కనపడుతుందిరా?"

ఈ విషయంలో నేను విన్న ప్రశ్నలన్నిటిలోనూ సూటి ప్రశ్న అది. డీఎస్‌ఎల్‌ఆర్ అని పొడి అక్షరాలతో పిలిచే పాత తరహా కెమెరాలో, లెన్సు వెనుక చిన్న అద్దం ఒకటి ఏటవాలుగా నిలబడి ఉంటుంది. లెన్సు గుండా వచ్చిన వెలుతురు ఆ అద్దానికి తగిలి పైకి మళ్ళి, ఒక తెర మీద బొమ్మ కడుతుంది. నెత్తిన ఉన్న పట్టకపు గాజు ఆ బొమ్మను సరిగా తిప్పి మన కంటికి అందిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెనుకనున్న షట్టరు తెరుచుకొంటుంది, వెలుతురు సెన్సారు మీద పడుతుంది, అద్దం మళ్ళీ కిందికి వాలుతుంది. మనకు వినబడే 'ఠక్' అన్న చప్పుడులో సగం ఆ అద్దానిదే. మిర్రర్‌లెస్‌లో ఈ అద్దమూ లేదు, పట్టకమూ లేదు. వెలుతురు నేరుగా సెన్సారు మీదనే పడుతూ ఉంటుంది. సెన్సారు చూచినదాన్ని చిన్న టీవీ వంటి తెర మీద మనకు చూపుతారు.

ఇదంతా విని మా అక్క, "అయితే పాతదాంట్లో మనం చూస్తాం. కొత్తదాంట్లో అదే చూసి మనకు చెప్తాది" అని తేల్చేసింది. బింబ ప్రతిబింబ భావాన్ని గురించి దృష్టాంతాలంకారం పాఠంలో ఇరవై యేండ్లుగా చెబుతున్నాను. ఒక్కసారి కూడ ఇంత పొట్టిగా చెప్పలేకపోయాను.

ఆ అద్దానికి చరిత్ర లేకపోలేదు. అద్దం మీద పట్టకం పెట్టి బొమ్మను సరిగా చూపే కాంటాక్స్ ఎస్ కెమెరా 1949లో జర్మనీలో వచ్చింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చిన తరువాత విలేఖరుల మెడలలో ఈ రకం కెమెరాలే వ్రేలాడాయి. 1991లో కొడాక్ వారు నికాన్ ఒంటికే సెన్సారు తగిలించి, ఫిల్ము లేని కెమెరా అమ్మారు. అద్దానికి మొదటి దెబ్బ 2008లో తగిలింది. పానసోనిక్ వారి జి 1 అద్దం లేకుండానే లెన్సులు మార్చుకొనే కెమెరాగా వచ్చింది. 2013లో సోనీ వారు పాత ఫిల్ము గడి అంత పెద్ద సెన్సారుతో అద్దం లేని కెమెరా తెచ్చారు. 2018లో నికాన్, కెనాన్ ఇద్దరూ అదే బాట పట్టారు. 2020 మొదటి నెలల తరువాత ఆ ఇద్దరి నుండీ అద్దమున్న కొత్త నమూనా ఒక్కటీ రాలేదు. పెంటాక్స్ వారు మాత్రం పట్టు విడువక 2021లో కూడ ఒకటి తెచ్చారు.

"ఈ జాతి అయిపోయింది మామా" అన్నాడు మేనల్లుడు. కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. అయితే ఆ సామెత చెప్పి ఇరవై మూడేండ్ల కుర్రవాడి నోరు మూయించడం న్యాయం కాదు. వాడి తిండి దాని మీద ఆధారపడి ఉన్నది. రెంటినీ చేతబట్టి చూద్దామన్నాను. బళ్ళారి ఆయన దయతలచి ఒక ఆదివారం తన కెమెరా ఇచ్చాడు. కొత్తది స్టూడియో వారి దగ్గర బాడుగకు దొరికింది.

అంకెలతో మొదలు పెట్టాము. రెండింటి సెన్సారు కొలత ఒకటే. పాతదాని బొమ్మలో 2 కోట్ల 43 లక్షల చుక్కలు, కొత్తదాని బొమ్మలో 2 కోట్ల 45 లక్షలు. ఆరేండ్లలో పెరిగినవి రెండు లక్షలు. గోడంత పటం కట్టించినా కంటికి ఆనవు. కాని పాతదానిలో ఫోకస్ పట్టే చోట్లు 51, అవీ నడిమధ్యనే గుంపు కట్టి ఉంటాయి. కొత్తదానిలో 273, దాదాపు గడి అంతా పరుచుకొని ఉంటాయి. పైగా అది మనిషి కన్ను ఎక్కడున్నదో వెతికి దాని మీదనే ఫోకస్ నిలుపుతుంది. మా వీధి పిల్లలు గోళీలాట ఆడుతుంటే తీసి చూచాము. పాతదానితో పదింటిలో ఆరు బాగా వస్తే, కొత్తదానితో తొమ్మిది వచ్చాయి. నేను తీసినా తొమ్మిది వచ్చాయి. అదీ విశేషం! ఫోకస్ పట్టడానికి రెండేండ్లు నేర్చుకొన్న విద్య ఆ యంత్రం చేతిలో ఒక మీట అయిపోయింది.

మధ్యాహ్నం ఊరి బయటి నల్లరేగడి చేలలోకి వెళ్ళాము. ఫాల్గుణమాసపు ఎండ. దూరాన గాలిమరలు తిరుగుతున్నాయి. పైరు తినిపోతాయని మా రైతులు తిట్టుకొనే కృష్ణజింకలు గుంపుగా అడ్డం పడి పరుగెత్తాయి. అటు నుండి సుడిగాలి లేచింది. సరిగా అప్పుడే వాడు లెన్సు మార్చబోయాడు. కొత్తదానికి లెన్సు ఊడదీస్తే సెన్సారు వాకిట్లోనే కూర్చుని ఉంటుంది. దుమ్ము నేరుగా దాని మీద వాలుతుంది. పాతదానిలో సెన్సారుకు ముందు షట్టరు, షట్టరుకు ముందు అద్దం కావలి ఉంటాయి. దానిలోకి దుమ్ము పోదని కాదు గాని, నేరుగా పోదు. సముద్రతీరం వారికి ఇది చిన్న మాట కావచ్చు. నల్లరేగడి దుమ్ములో పుట్టి పెరిగిన మాకు పెద్ద మాటే. దీనికి బదులుగా మా కరువు సీమ ఒక మేలు చేస్తుంది. తేమ ఉన్నచోట లెన్సు గాజులకు బూజు పడుతుంది. మా పొడిగాలిలో ఆ భయం తక్కువ. బళ్ళారి ఆయన లెన్సులను దీపానికి ఎదురుగా పట్టి చూస్తే గాజు నిర్మలంగా ఉన్నది.

పాత కెమెరా కొనేటప్పుడు షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో చూడాలని వాడే నాకు నేర్పాడు. ఆ లెక్క ఫోటో ఫైలులోనే దాగి ఉంటుంది. ఈ కెమెరా షట్టరును తయారీదారులు లక్షా యాభై వేల సార్లు కొట్టించి పరీక్షించినారట. బళ్ళారి ఆయన అప్పటికి వాడుకొన్నది అరవై వేల చిల్లర. ఎద్దు పళ్ళు చూచి వయసు చెప్పినట్లు వాడా లెక్క చెబుతుంటే మా బావ ముచ్చటపడి విన్నాడు.

ఆ వారంలోనే మా దాయాదుల ఇంట పెండ్లి. ముహూర్తం తెల్లవారుజామున. రెండు కెమెరాలూ మళ్ళీ అడిగి తెచ్చి, వాడు మార్చి మార్చి తీశాడు; నేను బ్యాటరీల సంచీ పట్టుకొని వెంట తిరిగాను. కొత్త కెమెరా చీకటిలో కూడ బొమ్మ ఎట్లా రాబోతున్నదో ముందే చూపుతుంది. చేయి వణికినా సెన్సారు తానే సర్దుకొంటుంది. చప్పుడు లేకుండా తీసే వసతి కూడ ఉన్నది. పెండ్లికూతురి తల్లి కొంగుతో కన్నులు తుడుచుకోవడం ఆమెకు తెలియకుండానే పటంలోకి వచ్చింది. పాతదానితో అయితే ఆ 'ఠక్' విని ఆమె కొంగు దించి నవ్వు మొగం పెట్టి ఉండేది. అయితే పందిట్లో మినుకు మినుకుమనే ఎల్ఈడీ దీపాల కింద చప్పుడు లేని పద్ధతిలో తీసినప్పుడు బొమ్మ మీద అడ్డచారలు పడ్డాయి. మళ్ళీ షట్టరు చప్పుడుకే దిగవలసి వచ్చింది.

బ్యాటరీ సంగతి చెప్పనే అక్కరలేదు. తయారీదారుల లెక్క ప్రకారమే పాతది ఒక చార్జికి 1,230 బొమ్మలు తీస్తుంది. కొత్తది నాలుగు వందలకు అటూ ఇటూ. చిన్న టీవీ ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి గదా! కరెంటు పోయి వచ్చే పల్లె పెండ్లిలో నా సంచీ ఆ రాత్రి బరువుగానే ఉన్నది.

తాళి కట్టే వేళకు వాడి చేతిలో పాత కెమెరా ఉన్నది. అప్పుడొక సంగతి తెలిసింది. అద్దం పైకి లేచిన ఆ లిప్తకాలం కంటికి ఏమీ కనబడదు. అంటే ఏ క్షణం పటంలో శాశ్వతంగా నిలుస్తుందో, సరిగా ఆ క్షణాన్ని తీసినవాడు చూడడు! మరి భయం వేయదా అని అడిగాను.

"కనపడదు మామా. కానీ పడిందని చేతికి తెలుస్తాది" అన్నాడు. విత్తనం మట్టిలో వేసి మొలక కోసం కాచుకొనేవారి ఇంట పుట్టినవాడు. ఆ మాట వాడికి కష్టమనిపించలేదు.

అన్నీ చూచిన తరువాత, యంత్రం మాటకొస్తే కొత్తదే మేలని నేను ఒప్పుకొన్నాను. ఏమాటకామాటే చెప్పాలి. అదీగాక, పాతదానిలో వీడియో ఇప్పటి 4కె దాకా రాదు. ఆడే మనిషి మీద వీడియోలో ఫోకస్ నిలవడమూ కష్టమే. మా ఊరు రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్నది. గుంతకల్లు, డోనేకల్లు, గడేకల్లు అని మా ఊళ్ళ పేర్ల చివర ఉన్న 'కల్లు' కన్నడంలో రాయి. 1953లో బళ్ళారి మైసూరులో కలిసినా పెండ్లి సంబంధాలు మాత్రం సరిహద్దును పట్టించుకోలేదు. ఆ పక్క నుండి వచ్చే వియ్యాలవారు ఇప్పుడు ముందుగా అడిగేది "ఏ కెమెరా?" అని. పెండ్లికి ముందే తోటలలో తిరుగుతూ తీసే వీడియోలు వారికి కావాలి. ఇదే మేనల్లుడి గట్టి వాదం.

కాని నేను వాడితో మాట్లాడింది యంత్రం గురించి కాదు, సంవత్సరం గురించి. ఒక కాగితం తీసికొని, మా చుట్టుపట్ల పెండ్లిండ్లు ఎప్పుడు జరుగుతాయో వ్రాయమన్నాను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం అని వ్రాశాడు. ఎవరి ఇండ్లలో అని అడిగాను. రైతుల ఇండ్లలోనే. మిరపకు ధర వచ్చిన ఏడు? ఒక్కొక్క ముహూర్తానికి మూడు పెండ్లిండ్లు. ధర పడిపోయిన ఏడు? వాడు కలం ఆపాడు. ధర పడిన ఏడు పెండ్లిండ్లు మరుసటి ఏటికి జరుగుతాయి. జరిగినా మొదట తగ్గించేది ఆల్బమ్ ఖర్చే. అంటే వాన పడకపోతే మిరప లేదు, మిరప లేకపోతే పెండ్లి లేదు, పెండ్లి లేకపోతే ఫోటో లేదు. మడక వదలి కెమెరా పట్టినంత మాత్రాన మెట్టసేద్యం తప్పలేదు నాయనా అన్నాను. బ్యాంకు కంతు మాత్రం వానతో పని లేకుండా నెలనెలా వస్తుంది.

"మరి వీడియో అడిగినోళ్ళను పోగొట్టుకోవల్లనా?" అన్నాడు.

దీనికి జవాబు మా బావ చెప్పాడు. "ఊర్లో అందరికీ ట్రాక్టరుండాదా? లేనోళ్ళు చేను బీడు పెట్టినారా? బాడుగకు తెచ్చి దున్నుకొంటారు గదా!"

కొత్త కెమెరా గుంతకల్లులో రోజు బాడుగకు దొరుకుతూనే ఉన్నది. కావాలన్నవారికి ఆ బాడుగ బిల్లులో కలిపితే సరి.

ఇక మిగిలింది లెన్సుల సంగతి. అందులోనే అసలు కిటుకు ఉన్నది. వేరుసెనగ వేసేవారు మధ్య మధ్య కంది సాలు వేస్తారు. వేరుసెనగ పోయినా కంది నిలబడుతుందని. కెమెరా ఒళ్ళు వేరుసెనగ, లెన్సు కంది. ఒళ్ళు ఆరేండ్లకో పదేండ్లకో పాతబడుతుంది. మంచి లెన్సు దానిని మించి బ్రతుకుతుంది. నికాన్ పాత కెమెరాలలో లెన్సు కూర్చునే చోటికీ సెన్సారుకూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, అద్దం కదలడానికి ఆ చోటు కావాలి. కొత్త జెడ్ కెమెరాలలో అద్దం లేదు గనుక అది 16 మిల్లీమీటర్లే. మిగిలిన దూరాన్ని ఒక లోహపు గొట్టంతో నింపితే పాత లెన్సులు కొత్త ఒంటికి అతుకుతాయి. ఆ గొట్టాన్ని నికాన్ వారే ఎఫ్‌టీజెడ్ అనే పేరుతో అమ్ముతారు. కొత్త లెన్సును పాత ఒంటికి తగిలించడం మాత్రం కుదరదు. అయితే ఒక జాగ్రత్త ఉన్నది. లెన్సులోనే మోటారు ఉన్న రకం, అంటే ఏఎఫ్-ఎస్ వంటి లెన్సులే ఆ గొట్టం మీద తమంతట తాము ఫోకస్ పడతాయి. కెమెరాలోని మోటారు మీద ఆధారపడే అంతకు ముందు తరం లెన్సులను చేత్తో తిప్పుకోవాలి. బళ్ళారి ఆయన ఇస్తానన్న రెంటిలో ఒకటి ఆ పాత తరానిది. మేనల్లుడు బేరమాడి దాని బదులు మోటారున్న 50 మిల్లీమీటర్ల లెన్సు తీసికొన్నాడు. ఆ బేరం నా సలహా కాదు, వాడి తెలివే.

ఆఖరి మాట వాడిదే కావాలని నేను ముందే చెప్పాను. రెండు రోజులు ఆలోచించి అద్దమున్నదే తెచ్చుకొన్నాడు. మిగిలిన డబ్బులో ఫ్లాషు ఒకటి, మంచి కార్డులు నాలుగు కొన్నాడు. ఆ కెమెరాలో రెండు కార్డులు పడతాయి. ప్రతి బొమ్మా రెండింటి మీదా ఎక్కేటట్లు పెట్టుకొన్నాడు. ఒక కార్డు చెడిపోయిందని పెండ్లి మళ్ళీ చేయమని అడగలేము గదా!

మరుసటి ఏడు మిరప ధర పడిపోయింది. పదిహేను పెండ్లిండ్లు అనుకొన్నవాడికి వచ్చినవి ఎనిమిది. బళ్ళారి వైపు సంబంధాలు రెండు, కెమెరా పేరు విని తప్పిపోయాయి, అది నష్టమే. మూడింటికి బాడుగ కెమెరా తెచ్చాడు. పెండ్లిండ్లు లేని నెలల్లో పాసుపోర్టు ఫోటోలు తీశాడు, బడి పిల్లల గ్రూపు ఫోటోలు తీశాడు. చేతికి వచ్చినది కొద్దే అయినా, అందులో నుండి ఎవరికీ కంతు కట్టే పని లేకపోయింది.

నన్ను కూడ ఇదే ప్రశ్న అడిగేవారు ఇప్పుడు మా కళాశాల పిల్లలలో నలుగురైదుగురు తయారయ్యారు. అద్దం ఉన్నదా లేనిదా అన్నది మూడవ ప్రశ్న అని చెబుతున్నాను. మొదటి ప్రశ్న, వాన పడని ఏడు దీనికి డబ్బు ఎవరు కడతారు? రెండవ ప్రశ్న, దీనితో కొన్న లెన్సులు దీని తరువాత కూడ పనికి వస్తాయా? ఈ రెంటికీ జవాబు ఉన్నవాడు కొత్తదే కొనుక్కోవచ్చు, నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మంచి వస్తువు మంచిదే.

మేనల్లుడు స్టూడియో గల్లాపెట్టెలో ఒక కవరు వేరుగా పెట్టాడు. దాని మీద వాడి చేతి వ్రాతతో 'అద్దం లేనిది' అని వ్రాసి ఉన్నది. పెండ్లికి ఇంత అని అందులో వేస్తున్నాడు. మా అక్క గొలుసు ఆమె మెడలోనే ఉన్నది.